రిజిస్టరు నుంచి కోహా దాకా: మా చిన్న గ్రంథాలయం జాబితా మారిన వైనం

న్యూజిలాండ్‌కి వచ్చే తెలుగు కుటుంబాల సూట్‌కేసుల్లో బట్టల మధ్య నాలుగైదు పుస్తకాలైనా ఉంటాయి. ఇల్లు మారినప్పుడో, పిల్లలు తెలుగు చదవరని తేలిపోయినప్పుడో, ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పుడో ఆ పుస్తకాలు మా సంఘానికి చేరతాయి. వెల్లింగ్టన్ పక్కన హట్ వ్యాలీలో 2003లో ఒక్క బీరువాతో మొదలైన మా గ్రంథాలయంలో ఇప్పుడు నాలుగు బీరువాలు, 1,400 పైచిలుకు పుస్తకాలు ఉన్నాయి. నెలలో రెండు ఆదివారాలు, రెండేసి గంటలు తలుపులు తెరుస్తాం. జీతం తీసుకునేవాళ్ళెవరూ లేరు.

ఈ వ్యాసం ఆ పుస్తకాల జాబితా గురించి. దాన్ని కోహా అనే ఓపెన్ సోర్స్ పద్ధతిలోకి ఎలా మార్చామో, ఎక్కడ బోల్తా పడ్డామో రాస్తున్నాను. నేను లైబ్రేరియన్‌ని కాను. పగలు ఒక ఆఫీసులో జీతాల లెక్కలు చూసుకుంటాను. కాబట్టి ఇందులో శాస్త్రం తక్కువ, అనుభవం ఎక్కువ. మీ ఊళ్ళో కూడా ఇలాంటి బీరువాలు ఉంటే ఎంతో కొంత పనికొస్తుందని ఆశ.

ఎందుకు మార్చాల్సి వచ్చింది?

మొదట్లో జాబితా అంటే ఒక పొడుగాటి రిజిస్టరు. గ్రంథాలయం పెట్టిన మాస్టారు ఊళ్ళో ఉన్నప్పుడు హైస్కూల్లో పనిచేశారు. ప్రతి పుస్తకానికీ ప్రవేశ సంఖ్య, తేదీ, పేరు, రచయిత, వెల, ఎవరిచ్చారు, విశేషాలు అని ఏడు గడులు గీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో నింపారు. 2009లో సంఘం ఒక చిన్న కంపెనీ దగ్గర గ్రంథాలయం ప్రోగ్రాం కొన్నది. మాస్టారు, ఇంకో ఇద్దరు కలిసి ఆరు నెలలు కూర్చుని రిజిస్టరంతా అందులోకి ఎక్కించారు.

ఆ ప్రోగ్రాంతో రెండు చిక్కులు. ఒకటి, అది విండోస్ ఎక్స్‌పీ మీద తప్ప నడవదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ఆగిపోయింది. రెండు, దానికి తెలుగు అక్షరాలు రావు. అందుకని పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఆ రోజుల్లో నెట్‌లో తెలుగు రాసేవాళ్ళందరికీ అలవాటైన ఆర్‌టీఎస్ పద్ధతిలో కొట్టారు. తర్వాత ప్రోగ్రాం అమ్మినవాళ్ళు దుకాణం మూసేశారు. కంప్యూటరు పాతబడింది. మాస్టారు కూతురి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. 2022 చలికాలంలో ఒక ఆదివారం స్విచ్ వేస్తే కంప్యూటరు లేవలేదు.

హార్డ్ డిస్కు బాగానే ఉందని తేలింది, అదృష్టం. కానీ సమాచారం బయటికి తీసే సౌకర్యం ఆ ప్రోగ్రాంలో లేదు. ఉన్నదల్లా "ప్రింట్ రిపోర్ట్" ఒక్కటే. ఇంకో పాత కంప్యూటరు తెచ్చి, దాని మీద ప్రోగ్రాం లేపి, ఆ రిపోర్టును కాగితం మీద కాకుండా ఫైలులోకి ప్రింట్ చేసి, గడుల వారీగా కోసి ఎక్సెల్‌లో పెట్టడానికి మూడు వారాలు పట్టింది. ఆరు నెలలు కష్టపడి మనం కొట్టిన సమాచారాన్ని మనమే దొంగదారిన తీసుకోవాల్సి వచ్చిందన్నమాట! ఈసారి ఏ పద్ధతి తీసుకున్నా, మన జాబితా ఎప్పుడు కావాలంటే అప్పుడు పూర్తిగా బయటికి రావాలి అని కమిటీలో ముందే రాసుకున్నాం.

కోహా అంటే ఏమిటి?

వెతకబోతే విషయం మా పెరట్లోనే ఉంది. వెల్లింగ్టన్‌కి ఉత్తరాన వంద కిలోమీటర్ల లోపే లెవిన్ అనే చిన్న ఊరుంది. అక్కడి హోరోఫెనువా గ్రంథాలయ ట్రస్టు వాడుతున్న పాత పద్ధతి 2000 సంవత్సరం తేదీలను తట్టుకోలేదని 1999లో తేలింది. కొత్తది కొనే బదులు వాళ్ళు వెల్లింగ్టన్‌లోని కటిపో కమ్యూనికేషన్స్ అనే సంస్థ చేత కొత్తగా రాయించుకున్నారు. అప్పటి గ్రంథాలయాధికారి రోజలీ బ్లేక్, ప్రోగ్రామర్లలో ముఖ్యుడు క్రిస్ కార్మాక్. 2000 జనవరి మొదటి వారంలో అది పని మొదలుపెట్టింది. తర్వాత దాన్ని తమ దగ్గరే దాచుకోకుండా జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు. అంటే ఎవరైనా వాడుకోవచ్చు, లోపల చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే అదే హక్కులతో ఇవ్వాలి.

కోహా అనేది మావోరీ మాట. అతిథులు మరాయికి, అంటే వాళ్ళ సామూహిక మందిరానికి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళే కానుక. పెద్దల ఇంటికి ఉత్తచేతులతో వెళ్ళకూడదని మనవాళ్ళు పండో ఫలమో పట్టుకెళతారే, దాదాపు అలాంటిదే. ఈ పేరును తన వాణిజ్య చిహ్నంగా నమోదు చేసుకోవాలని ఒక విదేశీ కంపెనీ ప్రయత్నిస్తే 2011లో పెద్ద గొడవైంది. గ్రంథాలయ సాఫ్ట్‌వేరుకు సంబంధించి ఆ పేరును ఆ కంపెనీకి ఇవ్వడం కుదరదని 2013 డిసెంబరులో న్యూజిలాండ్ మేధోసంపత్తి కార్యాలయం తీర్పు చెప్పింది.

ఇంగ్లీషులో "ఫ్రీ" అంటే ఉచితమా, స్వేచ్ఛా అని ఎప్పుడూ తికమక. మనకా బాధ లేదు, రెంటికీ రెండు మాటలున్నాయి. కోహా రెండూను. అయితే మాకు ముఖ్యమైనది రెండోది.

ఇంకా దారులు లేకపోలేదు. ఎవర్‌గ్రీన్ అనే మరో ఓపెన్ సోర్స్ పద్ధతి అమెరికాలో జార్జియా రాష్ట్ర గ్రంథాలయాల కోసం తయారై 2006లో మొదలైంది. అది ఎన్నో గ్రంథాలయాలు కలిసి వాడుకునేటందుకు ఉద్దేశించినది, మా నాలుగు బీరువాలకు మరీ పెద్దది. మీ దగ్గర రెండు మూడు వందల పుస్తకాలే ఉంటే కోహా కూడా అవసరం లేదని నా అభిప్రాయం. శుభ్రమైన ఒక ఎక్సెల్ ఫైలు చాలు.

మొదటి మెట్టు: బీరువా ముందు కూర్చోవడం

కంప్యూటరు ముట్టుకోకముందు మేం చేసిన మంచిపని పుస్తకాల లెక్క. రెండు ఆదివారాలు పది మంది కూర్చుని జాబితాను పుస్తకాలతో సరిచూశాం. జాబితాలో ఉండి బీరువాలో లేనివి, బీరువాలో ఉండి జాబితాలో లేనివి, ఒకే సంఖ్య రెండు పుస్తకాలకు పడ్డవి వేరువేరుగా రాసుకున్నాం. లేని పుస్తకాలను ఎక్కించి, ఉన్నాయని సభ్యులకు ఆశ పెట్టడం కన్నా ముందే తీసేయడం మేలు. ఈ పని వదిలేస్తే పాత తప్పులే కొత్త ఇంట్లో కాపురం పెడతాయి.

రెండో మెట్టు: మార్క్ భాష

గ్రంథాలయాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష పేరు మార్క్. 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రమ్ నాయకత్వంలో తయారైంది. ప్రతి వివరానికీ మూడంకెల గది ఉంటుంది. చూడగానే బెదురు పుట్టే మాట నిజమే గానీ, చిన్న గ్రంథాలయానికి కావలసినవి ఇవే:

245 – పుస్తకం పేరు
100 – ప్రధాన రచయిత
700 – అనువాదకులు, సంపాదకులు, ఇతర రచయితలు
250 – ఎన్నో ముద్రణ
264 – ఊరు, ప్రచురణకర్త, సంవత్సరం (పాత రికార్డుల్లో ఇది 260)
300 – పుటలు, సైజు
020 – ఐఎస్‌బీఎన్
650 – విషయం
008 – ఇందులో 35 నుంచి 37 వరకు ఉన్న స్థానాల్లో భాష సంకేతం

వీటికి తోడు 952 అనేది కోహా సొంతంగా వాడుకునే గది. మన చేతిలో ఉన్న ప్రతి గురించిన వివరాలు అందులో ఉంటాయి: బార్‌కోడు, బీరువా సంఖ్య, వెల, వచ్చిన తేదీ. పుస్తకం వేరు, ప్రతి వేరు అన్నది ఇక్కడ అర్థం చేసుకోవాలి. "కన్యాశుల్కం" ఒకే ముద్రణవి మూడు ప్రతులుంటే పుస్తకం రికార్డు ఒకటి, దాని కింద 952లు మూడు. మా ఎక్సెల్‌లో అవి మూడు వరసలుగా ఉన్నాయి. వాటిని కలపకుండా ఎక్కిస్తే వెతికినవాళ్ళకు ఒకే పుస్తకం మూడుసార్లు కనిపిస్తుంది.

వర్గీకరణ దగ్గర ఇంకో తమాషా. డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యం మొత్తానికీ 894.827 కేటాయించారు. ప్రపంచంలోని పుస్తకాలన్నీ పెట్టేవాళ్ళకు అది సరిపోతుంది. మా బీరువాల్లో ముప్పాతిక మువ్వీసం ఆ ఒక్క సంఖ్య కిందికే వస్తుంది! అందుకని డ్యూయీ సంఖ్యను రికార్డులో ఉంచి, పుస్తకం వీపు మీద మాత్రం "నవల", "కథ", "పద్యం", "బాల" లాంటి మాట, దాని కింద రచయిత ఇంటిపేరులో మొదటి రెండక్షరాలు అంటించాం. పిల్లలు కూడా వెతుక్కోగలుగుతున్నారు.

మూడో మెట్టు: తెలుగు అక్షరాల తంటా

అసలు కష్టమంతా ఇక్కడే. వేరే భాషల గ్రంథాలయాల వాళ్ళు రాసిన సూచనల్లో ఇది మాకు దొరకలేదు.

ఆర్‌టీఎస్‌లో ఉన్న పేర్లను తెలుగు యూనికోడ్‌లోకి మార్చడం సులువే అనుకున్నాను. లేఖిని లాంటి పరికరాలు చేసే పని అదే. అయితే ఆర్‌టీఎస్‌లో చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ తేడా ఉంది. చిన్న టీ అయితే త, పెద్ద టీ అయితే ట. చిన్న డీ అయితే ద, పెద్దది డ. చిన్న ఎన్ అయితే న, పెద్దది ణ. ఆ సంగతి మరిచి, ఎక్సెల్‌లో చూడ్డానికి అందంగా ఉంటుందని పేర్లన్నిటికీ మొదటి అక్షరం పెద్దది చేసే "ప్రాపర్" ఫార్ములా వేశాను. తర్వాత మారిస్తే తిక్కన కాస్తా టిక్కన అయ్యాడు. నన్నయ ణన్నయ అయ్యాడు. దాశరథి డాశరథి. నారాయణ ణారాయన! పైగా ఆ ఫార్ములా మధ్యలో ఉన్న పెద్ద అక్షరాలన్నిటినీ చిన్నవి చేసేస్తుంది. పాత ఫైలు ప్రతి విడిగా దాచుకున్నాను గనక బతికిపోయాను. ఒక్కో మార్పుకు ముందు ఫైలును వేరే పేరుతో దాచడం అప్పటినుంచి నియమం అయ్యింది.

ఎక్సెల్‌తోనే ఇంకో రెండు ప్రమాదాలు. పదమూడంకెల ఐఎస్‌బీఎన్‌ను అది పెద్ద సంఖ్య అనుకుని కుదించి చూపిస్తుంది, ఆ గడిని ముందుగానే "టెక్స్ట్" చేసుకోవాలి. రెండు, సీఎస్‌వీగా దాచేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది. లిబ్రే ఆఫీస్ అయితే ఏ సంకేతంలో దాచమంటారని ముందే అడుగుతుంది, మాకు అదే నచ్చింది.

తర్వాత స్పెల్లింగులు. ముగ్గురు కొట్టిన జాబితా గదా, "కథలు", "కధలు" రెండూ ఉన్నాయి. "గ్రంథం", "గ్రంధం" రెండూ ఉన్నాయి. మనిషి కంటికి రెండూ ఒకటే, యంత్రానికి రెండు వేరు మాటలు. ఇంగ్లీషు మాటలున్న పేర్లలో కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, దాన్ని యూనికోడ్‌లో జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, ఒకచోట ఉండి ఒకచోట లేకపోవడం వల్ల కూడా వెతుకులాట తప్పుతుంది. ఈ పనికి ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు బాగా సాయపడింది. ఒకే గడిలో ఉన్న వేర్వేరు రూపాలన్నిటినీ వరసగా చూపించి, ఒక్కసారిగా సరిదిద్దనిస్తుంది. ఒక నియమం కూడా పెట్టుకున్నాం: అట్ట మీద పేరు ఎలా అచ్చయ్యిందో 245లో అలాగే ఉంచాలి, వేరే రూపాన్ని 246లో చేర్చాలి. పుస్తకం పేరును మనం దిద్దకూడదు.

రచయితల పేర్లు ఇంకో కథ. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది. మా కుర్రాళ్ళలో ఒకరు ఇంగ్లీషు పద్ధతి అనుకుని "అప్పారావు, గురజాడ" అని తిప్పేశారు. తిప్పనవసరం లేదు, "గురజాడ అప్పారావు" అంటే ఇంటిపేరు వరసలోనే ఉన్నట్టు. కలం పేర్లకు మాత్రం అథారిటీ రికార్డులు కావాలి. శ్రీశ్రీ అని వెతికినా శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికినా ఒకేచోటికి చేరాలి. రావిశాస్త్రి, రాచకొండ విశ్వనాథశాస్త్రి ఒకరే. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి. బీనాదేవి అన్నది భార్యాభర్తలిద్దరి కలం పేరు. అందరికీ తెలిసిన పేరును 100లో ఉంచి, మిగతా రూపాలను అథారిటీ రికార్డులోని 400లో చేర్చాం. ఈ పని మా పెద్దవాళ్ళు కంప్యూటరు లేకుండా, కాగితం మీద చేసి ఇచ్చారు. వాళ్ళకు తెలిసినంత ఏ సాఫ్ట్‌వేరుకూ తెలియదు.

రికార్డులు మనమే తయారుచేయడం ఎందుకు, వేరే గ్రంథాలయాల నుంచి దించుకోవచ్చు గదా అంటారేమో. కోహాలో జడ్39.50 అనే పద్ధతి ద్వారా ఆ వీలుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో కార్యాలయం తెరిచి భారతీయ భాషల పుస్తకాలు సేకరించడం మొదలుపెట్టింది, అందుచేత అక్కడ తెలుగు పుస్తకాలు చాలానే ఉన్నాయి. కాని మేం దించుకున్న రికార్డుల్లో ఎక్కువ భాగం గుర్తులు పెట్టిన రోమన్ లిపిలోనే ఉన్నాయి. అలా వచ్చిన పేరుకు తెలుగు లిపి రూపాన్ని 880 అనే గదిలో జతచేయవచ్చు. మేం తెలుగునే ముందు పెట్టి, రోమన్ రూపాన్ని 880లోకి పంపాం. తెలుగు చదవలేని మా పిల్లలు రోమన్‌లో వెతుక్కుంటారు, పెద్దవాళ్ళు తెలుగులో వెతుక్కుంటారు.

నాలుగో మెట్టు: ఎక్కించడం

కోహా లినక్స్ మీద నడుస్తుంది. డెబియన్ లేదా ఉబుంటు ఉంటే సిద్ధంగా ఉన్న పాకేజీలు దించుకోవచ్చు. లోపల పెర్ల్ భాష, మరియాడీబీ లేదా మైసీక్వెల్ డేటాబేసు, వెతకడానికి జీబ్రా అనే యంత్రం. కొత్త వెర్షన్లు ఏటా మే, నవంబరు నెలల్లో వస్తాయి. మేం మొదట ఒక పాత లాప్‌టాప్ మీద పెట్టి, 20 పుస్తకాలతో మొదలుపెట్టాం. దయచేసి మీరూ అలాగే చెయ్యండి. ఆ ఇరవైలో ఒక అనువాదం, ఒక సంకలనం, మూడు ప్రతులున్నది ఒకటి, రచయిత పేరు లేనిది ఒకటి ఉండేలా చూసుకుంటే చిక్కులన్నీ ముందే బయటపడతాయి.

సీఎస్‌వీ ఫైలును మార్క్‌ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో మార్క్ రికార్డులుగా మార్చాం. ఏ గడి ఏ గదిలోకి పోవాలో ఒకసారి చెబితే చాలు. ఆ ఫైలును కోహాలో నేరుగా ఎక్కించరు, ముందు "స్టేజింగ్" అనే వసారాలో నిలబెడతారు. అక్కడ అన్నీ సరిచూసుకుని లోపలికి పిలవాలి. పొరపాటైతే ఆ విడత మొత్తాన్ని వెనక్కి తీసే వీలుంది. మేం రెండుసార్లు వెనక్కి తీశాం.

ఎక్కించాక తెలుగులో వెతికితే ఫలితాలు సరిగా రాలేదు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం చిన్నదే. జీబ్రాకు అక్షరాలను మాటలుగా విడగొట్టే పద్ధతులు రెండున్నాయి. మామూలుగా ఉండేది రోమన్ లిపి భాషలను దృష్టిలో పెట్టుకున్నది. తెలుగు లాంటి లిపులకు ఐసీయూ అనే రెండో పద్ధతికి మార్చి, సూచిక మొత్తం మళ్ళీ కట్టించాలి. మార్చాక "మాలపల్లి" అని కొడితే ఉన్నవ లక్ష్మీనారాయణ గారి నవల టక్కున వచ్చింది. మా గదిలో చప్పట్లు కొట్టారంటే నమ్మండి.

మేం చేసిన పెద్ద పొరపాటు

2023 ఆగస్టులో కోహా సభ్యులకు తెరిచాం. ఇంటి దగ్గర ఫోనులోనే వెతుక్కోవచ్చని అందరూ సంతోషించారు. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం ఒక పెద్దావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చారు. "బాబూ, మీ బాబాయిగారు పోయాక ఆయన పుస్తకాలన్నీ ఇక్కడికే ఇచ్చేశాను గదా. పిల్ల చూస్తానంటోంది. ఎక్కడున్నాయో చూపిస్తావా?" అన్నారు.

కంప్యూటరు ముందు కూర్చున్నాను. పేరుతో వెతికాను, రచయితతో వెతికాను, విషయంతో వెతికాను. ఎవరిచ్చారో చెప్పే గడి ఏదీ లేదు. మాస్టారి రిజిస్టరులో ఆరో గడి అది. పాత ప్రోగ్రాంలో దాన్ని "రిమార్క్స్"లో కొట్టారు. నేను ఎక్సెల్ శుభ్రం చేస్తూ ఆ గడిని "ఇదేదో చెత్త" అనుకుని మార్క్‌లోకి పంపనేలేదు. "పిన్నిగారూ, వచ్చే వారం చూపిస్తాను" అని పంపించాను. ఆవిడ ఏమీ అనలేదు. మనవరాలు మాత్రం బీరువాలవైపు వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళింది.

ఆ రాత్రి మాస్టారికి ఫోన్ చేశాను. విషయం చెప్పకముందే, "ఎవరిచ్చారో కూడా ఎక్కించారా?" అని ఆయనే అడిగారు. లేదన్నాను. కాసేపు ఊరుకుని, "రిజిస్టరు పారేయలేదు గదా" అన్నారు.

పారేయలేదు. పాత ఎక్సెల్ ఫైలు కూడా ఉంది. అప్పటికే సభ్యులు పుస్తకాలు తీసుకెళ్ళారు, రికార్డుల్లో దిద్దుబాట్లు జరిగాయి. కాబట్టి మొదటి విడత వెనక్కి తీయడం కుదరదు. అందుకని రికార్డులన్నీ కోహా నుంచి బయటికి తీశాం. బార్‌కోడు స్థానంలో పాత ప్రవేశ సంఖ్యే వాడాం గనక దాని ఆధారంగా దాత పేరును 541లో చేర్చాం. ఎలా వచ్చింది, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అన్నది రాసే గది మార్క్‌లో మొదటినుంచీ ఉంది, నేను చూసుకోలేదంతే. తర్వాత ప్రతుల వివరాలు ముట్టుకోకుండా, రికార్డులను మాత్రం పాతవాటి స్థానంలో తిరిగి ఎక్కించాం. పాత పద్ధతి నుంచి మూడు వారాలు పట్టిన పని ఇక్కడ రెండు సాయంత్రాల్లో అయ్యింది. ఓపెన్ పద్ధతి అంటే ఏమిటో నాకు నిజంగా తెలిసింది అప్పుడే.

541లో ఇంకో సదుపాయం కూడా ఉంది. ఆ సమాచారం గోప్యమా కాదా అన్నది దాని మొదటి సూచికలో చెప్పవచ్చు, 0 అంటే గోప్యం, 1 అంటే కాదు. కుటుంబాలను అడిగి, సరేనన్నవాళ్ళవి మాత్రమే అందరికీ కనిపించేలా పెట్టాం.

రెండు వారాల తర్వాత పిన్నిగారికి జాబితా అచ్చువేసి ఇచ్చాను. ఆయన ఇచ్చినవి 62 పుస్తకాలు. అందులో నాలుగు మా లెక్కలో కనబడకుండా పోయినవి, ఆ మాట కూడా చెప్పాను. మనవరాలు ఒక్కో పుస్తకం తీసి, లోపలి పుటలో తాతగారి సంతకం చూసుకుంది. ఒకటి ఇంటికి పట్టుకెళ్ళింది, తన కార్డు మీదే.

తర్వాతి పనులు

సాఫ్ట్‌వేరుకు డబ్బు కట్టలేదు గానీ, ఖర్చు లేదని కాదు. సర్వరు అద్దె, డొమైను పేరు, బార్‌కోడు స్కానరు ఉన్నాయి. మాకు వాటన్నిటికన్నా పెద్ద ఖర్చు మనుషుల సమయం. అంత తీరిక లేకపోతే కోహాను నడిపిపెట్టే సంస్థలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఎవరి దగ్గర పెట్టినా, మొత్తం డేటా ఎప్పుడు అడిగితే అప్పుడు ఇస్తామని కాగితం మీద రాయించుకోండి.

పాకేజీల ద్వారా పెట్టిన కోహా రోజూ తనంతట తానే బాకప్ తీస్తుంది. అయితే దాన్ని అదే యంత్రంలో దాస్తుంది, అదీ కొద్ది రోజులవే. ఇల్లు కాలితే బీరువా తాళాలు కూడా లోపలే ఉన్నట్టు! ప్రతి వారం ఒక ప్రతిని వేరేచోటికి పంపుతున్నాం. ఆరు నెలలకోసారి దాన్ని ఖాళీ లాప్‌టాప్ మీద తిరిగి లేపి చూస్తున్నాం.

సభ్యుల వివరాల సంగతి కూడా మరవకండి. ఎవరు ఏ పుస్తకం చదివారన్నది వాళ్ళ సొంత విషయం. న్యూజిలాండ్‌లో 2020 గోప్యతా చట్టం మా లాంటి చిన్న సంఘాలకూ వర్తిస్తుంది. పుస్తకం తిరిగొచ్చాక పాత అరువు వివరాల నుంచి పేరు తీసేసే ఏర్పాటు కోహాలో ఉంది, మేం వాడుతున్నాం.

చివరగా, పని తెలిసినవాళ్ళు కనీసం ముగ్గురుండాలి. వాళ్ళలో ఒకరు ఇరవై ఏళ్ళ లోపువాళ్ళైతే మరీ మంచిది.

మొదలుపెట్టేవాళ్ళకు నా చిట్టా

1. ముందు పుస్తకాలను జాబితాతో సరిచూడండి.
2. పాత ఫైలు, పాత రిజిస్టరు ఎప్పటికీ పారేయకండి.
3. పాత జాబితాలోని ప్రతి గడికీ మార్క్‌లో ఒక గది వెతకండి. చెత్త అనిపించిన గడి గురించి, దాన్ని రాసినవాళ్ళను అడగండి.
4. పేర్లు తెలుగు లిపిలో, యూనికోడ్‌లో ఉంచండి. రోమన్ రూపం తోడుగా ఉండనివ్వండి.
5. ఇరవై పుస్తకాలతో పరీక్షించండి. జీబ్రాను ఐసీయూకి మార్చడం మరవకండి.
6. పాత ప్రవేశ సంఖ్యలను మార్చకండి. రేపు దేనికైనా ఆధారం అవే.
7. మొదలుపెట్టిన నెలలోనే డేటా మొత్తం ఒకసారి బయటికి తీసి చూడండి.

హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం పెట్టినవాళ్ళ చేతుల్లో కంప్యూటర్లు లేవు. ఎవరో ఇచ్చిన పుస్తకాలను ఇంకెవరికో అందేలా పదిలపరిచారు. మనం చేస్తున్నదీ ఆ పనే, కొంచెం దూరంగా వచ్చి.

మా మాస్టారి రిజిస్టరు ఇప్పుడు మొదటి బీరువాలో, పై అరలో ఉంది. దానికీ ఒక బార్‌కోడు అంటించాం. అరువివ్వం గానీ, వచ్చి చూడొచ్చు.